నలభై ఒకటో నంబరు అద్దం

లింకన్‌షైర్,
22 నవంబర్ 1943

అక్కా,

నువ్వు కట్టిచ్చిన కేకు స్టేషన్ దాటకముందే సగమైపోయింది. మిగతా సగం మావాళ్లు ఆరుగురూ కలిసి రెండు నిమిషాల్లో ఊడ్చేశారు. "మీ అక్కకి పెళ్లయిందా?" అని ముగ్గురు అడిగారు. "ఆవిడ నోరు విన్నాక అడగండ్రా" అన్నాను.

ఉన్న రెండు రోజులూ నువ్వు వంటింట్లోంచి బయటికి రాలేదు, నేను నిద్ర లేవలేదు. మావాళ్ల గురించి సరిగా చెప్పనేలేదు. మా పైలట్ హాల్ ట్రాంటర్. ఇరవై మూడేళ్లవాడు, అయినా మాకు పెద్దాయనే. హియర్‌ఫోర్డ్‌లో వాళ్లది మాంసం కొట్టు. ఆ మాట ఎత్తితే చాలు, ముఖం ముడుచుకుంటాడు. నాన్న పోయాక కొట్టు చూసుకోమని వాళ్లమ్మ పట్టుబడితే, పోట్లాడి వచ్చి ఇందులో చేరాడట. వైర్‌లెస్ చూసే క్లెడ్‌విన్ వేల్స్ వాడు. రోజంతా చర్చి పాటలు పాడతాడు, చీట్లాటలో మాత్రం పచ్చి మోసం.

మమ్మల్ని ఎవరూ జతచేయలేదక్కా. అందర్నీ ఒక పెద్ద షెడ్డులోకి తోలి, మీ మనుషుల్ని మీరే వెతుక్కోండి అన్నారు. సంతలో పశువుల్లా నిలబడ్డాం. హాల్ వచ్చి నన్ను కిందికీ పైకీ చూసి, "పొట్టిగా ఉన్నావు, తోకలో పడతావు. వస్తావా?" అన్నాడు. అంతే, పెళ్లి అయిపోయింది.

తోకలో నాదో అద్దాల గది. పీపా అంత ఉంటుంది. మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఎదురుగా నాలుగు తుపాకులు, వీపు వెనక చిన్న తలుపులు. పారాచూట్ కూడా లోపల పట్టదు. తలుపుల అవతల, విమానం పొట్టలో తగిలించి రావాలి. మిగతావాళ్లంతా ముందుకు చూస్తూ వెళ్తారు, నేనొక్కణ్ణే వచ్చిన దారి చూస్తూ వెళ్తాను.

కానీ మీ ఫ్యాక్టరీ అద్దంలోంచే కదా చూసేది. "మా అక్క తుడిచిన అద్దంరా ఇది" అని అందరికీ చెప్పాను. మా వంతు ముప్పై బాంబు దాడుల ట్రిప్పుల్లో పదకొండు అయ్యాయి.

నీ తమ్ముడు,
విల్ఫ్

—

టాడ్‌మోర్డెన్,
5 డిసెంబర్ 1943

ఒరేయ్ విల్ఫ్,

నా నోటి గురించి ఊరూరా చాటావన్నమాట. ఆ నోటితోనే బుజ్జగించి నీకు అన్నం తినిపించాను, అమ్మ పోయిన రోజు నుంచీ. నీకప్పుడు ఆరేళ్లు. గుర్తుంచుకో.

నీ ఉత్తరం ఫ్యాక్టరీకి తీసుకెళ్లి భోజనాల దగ్గర చదివి వినిపించాను. తమ్ముడు తన అద్దంలోంచే చూస్తాడంటే ఎవరికి మాత్రం గర్వం ఉండదు చెప్పు? మా ఫోర్‌మన్ కూడా నిలబడి విన్నాడు. ఆయన నవ్వడం మూడేళ్లలో అదే మొదటిసారి.

అది అసలు గాజు కాదని నీకు తెలుసనుకో. ప్లాస్టిక్ పలక. కానీ మేము అద్దమనే అంటాం. ఒక్కొక్కటీ దీపం ముందు ఎత్తి పట్టుకుని చూడాలి. ఇంత మచ్చ ఉన్నా, తుపాకీ వాడు అదే శత్రువు విమానమనుకుని కాలుస్తాడు. లేదా, నిజంగా విమానం వస్తే మచ్చే అనుకుని ఊరుకుంటాడు. అందుకే ప్రతి పలక మూలా చూసినవాళ్ల నంబరు ముద్ర వేస్తారు. నాది నలభై ఒకటి. నీ గదిలో మూలమూలా వెతికి, నా నంబరు ఉందో లేదో రాయి. ఉంటే పక్కింటి మార్జరీ నోరు మూతపడుతుంది.

మేజోళ్లు రెండేసి వేసుకో.

ఎడ్నా

—

లింకన్‌షైర్,
16 జనవరి 1944

అక్కా,

ఉందక్కా, నలభై ఒకటి! సరిగ్గా నా కళ్ల ఎదుట ఉన్న పలక కుడి మూలన. మార్జరీకి చెప్పు.

దీంతోపాటు ఒక పిన్ను పంపుతున్నాను. గుండె ఆకారం, కోటుకు పెట్టుకో. ఇక్కడొకడు చేసి అమ్ముతున్నాడు. హాల్ కూడా వాళ్లమ్మకు ఒకటి పంపాడు. ఉత్తరం మాత్రం రాయలేదు, పిన్ను ఒక్కటే కవర్లో పెట్టాడు. మొండివాడు.

పంతొమ్మిది అయ్యాయి. మా గదిలో అవతలి వరసలో నాలుగు మంచాలు మొన్న ఖాళీ అయ్యాయి. మేము టిఫిన్ తిని వచ్చేసరికి వాళ్ల సామాన్లు లేవు. సాయంత్రానికి కొత్త కుర్రాళ్లు వచ్చి, "ఈ మంచం ఎవరికైనా ఇచ్చారా?" అని అడిగారు. "లేదు, పడుకో" అన్నాం.

పోయిన వారం ఒకతను ఇక వెళ్లనన్నాడు. ఇరవై రెండు ట్రిప్పులు చేసినవాడే. మమ్మల్నందర్నీ వరసలో నిలబెట్టి, మా ఎదుటే అతని చొక్కా మీది హోదా చారలు చింపేశారు. కాగితాల మీద పిరికివాడని రాసి ఎక్కడికో పంపేశారు. అతను ఏడవలేదు. అది చూశాక విమానంలోనే నయమనిపించింది. ముందుకు పోయినా గోడే, వెనక్కి వచ్చినా గోడే. ఈ మాట, మా ఉత్తరాలు చదివి పంపే ఆఫీసర్ కత్తిరించేస్తాడేమో. కత్తిరిస్తే కత్తిరించనీ.

విల్ఫ్

—

టాడ్‌మోర్డెన్,
6 ఫిబ్రవరి 1944

విల్ఫ్,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. జవాబు రాయడానికి చేయి ఆడలేదు. ఈరోజు రాసేస్తాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

నువ్వు నవంబర్‌లో సెలవు మీద వచ్చిన రోజు గుర్తుందా? నేను ఐదు గంటలకల్లా ఇంట్లో ఉన్నాను. అంత త్వరగా ఎలా వచ్చానో నువ్వు అడగలేదు. డ్యూటీ ఏడింటిదాకా. నా బల్ల మీద ఇంకా నలభై పలకలున్నాయి. నువ్వు వచ్చేసరికి కేకు పొయ్యి మీదుండాలి. అందుకని ఒక్కటీ దీపం ముందు పెట్టకుండా, అన్నింటికీ గబగబా ముద్రలు కొట్టేసి, తలనొప్పని చెప్పి బస్సెక్కేశాను.

ఆ వారం దించిన సరుకులో పొగలాంటి తెల్లటి చార ఉన్న పలకలు చాలా వచ్చాయని మర్నాడు తెలిసింది. మిగతా అమ్మాయిలు అన్నీ పక్కకు తీసేశారు. నావి అప్పటికే లారీ ఎక్కి వెళ్లిపోయాయి. ఫోర్‌మన్‌కు చెప్దామని రెండుసార్లు ఆయన గది తలుపుదాకా వెళ్లాను. చెప్తే ఉద్యోగం పోతుందని కాదురా, నీ ఉత్తరం విని అందరూ నన్ను చూసిన చూపు పోతుందని. ఆయన పలకరిస్తే, టైమెంతైందని అడిగి వచ్చేశాను.

ఇప్పుడు నువ్వేమో నలభై ఒకటి నీ కళ్ల ఎదుటే ఉందంటున్నావు. నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే నువ్వు ఆ చారలోంచి చూస్తూ, అది మబ్బే అనుకుంటూ కనిపిస్తున్నావు. విల్ఫ్, వెళ్లి చూడు. వెలుతురుకు ఎదురుగా పెట్టి, పక్కనుంచి చూడు. చార ఉంటే వెంటనే పీకించెయ్, ఎవరేమన్నా సరే. కేకు కోసం నిన్ను చంపుకున్నదాన్నవుతాను.

ఎడ్నా

—

25 ఫిబ్రవరి 1944

అక్కా,

ఇది క్లెడ్‌విన్ సెలవు మీద వెళ్తూ బయట పోస్టు డబ్బాలో వేస్తాడు. ఆఫీసర్ కంట పడదు. అందుకే నిజం రాస్తున్నాను, ముందు కూర్చో.

నా గదిలో అద్దం లేదు.

ఎప్పుడూ లేదు. తోక తుపాకీ వాళ్లం అందరం చేసే పనే ఇది. కొత్త విమానం రాగానే ఎదురుగా ఉన్న పలకను గొడ్డలితో కొట్టి తీయించేస్తాం. ఎంత శుభ్రంగా తుడిచినా, పైన చలికి మంచు పట్టి ఏమీ కనపడదు. ఉత్త గాలిలోంచి చూస్తేనే శత్రువు కనిపిస్తాడు. చలి నలభై డిగ్రీలు, సున్నాకు కింద. ఊపిరి గడ్డం మీదే గడ్డకడుతుంది. నాకు చలి తెలియకుండా కరెంటుతో వేడెక్కే తీగలున్న సూటు ఇచ్చారులే, భయపడకు.

నువ్వు ఏళ్ల తరబడి నిలబడి తుడిచేదాన్ని మేము మొదటి రోజే పగలగొడతామని నీకెలా చెప్పను? నువ్వు ఫ్యాక్టరీలో చదివి వినిపించానన్నాక అసలు నోరు రాలేదు. అందుకే అబద్ధమాడాను. నలభై ఒకటి మాత్రం నిజంగానే చూశాను, కింద పడి ఉన్న పలక మీద. మా మెకానిక్కులు ఆ ముక్కలు కోసి, సానబెట్టి పిన్నులు చేస్తారు. నీ కోటు మీద ఉన్నది అదే.

కాబట్టి నువ్వు ఎవర్నీ చంపలేదు. వెళ్లి పడుకో.

విల్ఫ్

—

టాడ్‌మోర్డెన్,
2 మార్చి 1944

ఒరేయ్ దొంగ సచ్చినోడా,

పన్నెండు గంటలు పడుకున్నాను.

లేచాక వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. నేను కాళ్లు వాచేలా నిలబడి తుడిస్తే మీరు గొడ్డలి పెట్టి కొడతారా? పైగా ఆ కన్నంలో, ఆ చలిలో, పది గంటలు కూర్చుంటావా? నా అద్దం ఉంటే నాకు దిగులు, లేకపోతే ఇంకో దిగులు.

పిన్ను సంగతి నాకు వచ్చిన రోజే తెలుసు. రోజూ చేత్తో పట్టుకునే సరుకు గుర్తుపట్టనా? పగిలిపోయిన దానితో చేశారనుకున్నాను, నువ్వు పగలగొట్టావనుకోలేదు.

ఫోర్‌మన్‌కు నవంబర్ సంగతి చెప్పేశాను. శిక్షగా వారం రోజులు నేల ఊడవమన్నాడు. హాయిగా ఉంది.

ఉన్ని కండువా పంపుతున్నాను. మెడకు కాదు, ముఖానికి చుట్టుకో.

ఎడ్నా

—

సైనిక ఆసుపత్రి, సఫోక్,
4 ఏప్రిల్ 1944

ప్రియమైన అక్కా,

చేతులకు కట్లున్నాయి కాబట్టి ఇక్కడి నర్సు రాసిపెడుతోంది. నేను క్షేమం. చలికి దెబ్బతిన్న కుడి చేతి వేళ్లు రెండు తీసేశారు. ఇక విమానం ఎక్కనక్కర్లేదు.

తిరిగి వస్తుండగా శత్రు విమానం మాపై దాడి చేసింది. నా గది ఇరుక్కుపోయింది. అందరినీ దూకమని మా పైలట్ ఆజ్ఞాపించారు. నన్ను వదిలి వెళ్లమని నేను కోరినప్పటికీ, ఆయన నిరాకరించి విమానాన్ని తీరం చేర్చారు. గాయాల వల్ల రెండు రోజుల తర్వాత మరణించారు. ఆయన ధైర్యం మాకు ఎప్పటికీ ఆదర్శం.

నీ తమ్ముడు,
విల్ఫ్రెడ్ గార్‌సైడ్

—

టాడ్‌మోర్డెన్,
8 ఏప్రిల్ 1944

విల్ఫ్,

బతికావు. అది చాలు, మోకాళ్ల మీద పడి దండం పెట్టుకున్నాను.

కానీ ఈ ఉత్తరం నీది కాదు. రాసింది నర్సు అని కాదు. నువ్వు నన్ను ఎప్పుడూ "ప్రియమైన" అనలేదు, "కోరినప్పటికీ" అని ఎప్పుడూ రాయలేదు. అద్దం గురించి అబద్ధమాడినప్పుడూ ఇలాగే మరీ చక్కగా రాశావు. ఎడమ చేతి వేళ్లు ఉన్నాయిగా? వాటితో రాయి, వంకరైనా పర్లేదు.

ఎడ్నా

—

సఫోక్,
19 ఏప్రిల్ 1944

అక్కా,

నాలుగు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. ఎవరికీ చెప్పకు.

శత్రువు కిందనుంచి వచ్చాడు. నేను చూడలేదు. చూసేసరికే కాల్పులు మొదలయ్యాయి. పై తుపాకీ దగ్గరున్న డెన్నిస్ అక్కడే పోయాడు. నేనూ కాల్చాను, వాడి రెక్క అంటుకోవడం చూశాను. కానీ మా ఇంజను ఒకటి మండుతోంది. నా గదిని తిప్పే నూనె గొట్టం తెగింది. గది పక్కకు తిరిగి అలాగే బిగుసుకుపోయింది. అలా తిరిగితే వెనక తలుపులు విమానం పొట్టకు ఎదురుగా రావు, గోడకు అడ్డం పడతాయి. చేయి పట్టేంత సందు కూడా లేదు. పారాచూట్ ఆ గోడ అవతల, రెండడుగుల దూరంలో ఉంది.

మైకులో హాల్ గొంతు వినిపించింది. "దూకేయండి అందరూ. నేను మీ వెనకే వస్తాను." ముందున్న ముగ్గురూ ఒక్కొక్కరే చెప్పి దూకారు. వాళ్లు ఖైదీలుగా బతికే ఉన్నారని తర్వాత తెలిసింది.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "నన్ను వదిలి వెళ్లండి" అనలేదక్కా. అరిచాను. "హాల్! నేను ఇరుక్కుపోయాను! వదిలేయకు! వదిలేసి పోకు!" అని. చిన్నప్పుడు బొగ్గు గదిలో పొరపాటున గడియ పెట్టేస్తే నీకోసం అరిచినట్టు అరిచాను.

కాసేపు ఏమీ వినపడలేదు. వెళ్లిపోయాడనుకున్నాను. తర్వాత, "సరే విల్ఫ్, అరవకు, చెవులు పోతున్నాయి. ఇద్దరం ఇంటికెళ్దాం. మాట్లాడుతూ ఉండు" అన్నాడు.

క్లెడ్‌విన్ కూడా దూకలేదు. గొడ్డలి పట్టుకుని నా దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు. దారి పొడవునా ఆ గోడ మీద కొడుతూనే ఉన్నాడు, పాట పాడుతూ. ముంజేయి విరిగితే రెండో చేత్తో కొట్టాడు. గోడ ఊడలేదు, వేళ్లు పట్టేంత కన్నం పడింది. ఆ కన్నంలోంచి నా కాలర్ పట్టుకుని కూర్చున్నాడు.

ఇంజను మంట దానంతటదే ఆరింది. రెండున్నర గంటలు. కింద సముద్రం. సూటుకు కరెంటు ఆగిపోయి, చలికి నాకు నిద్ర ముంచుకొచ్చేది. నిద్రపోతే చలికి చస్తానని హాల్‌కు తెలుసు. అందుకని మాట్లాడిస్తూనే ఉన్నాడు. తీరంలో పెద్ద రన్‌వే మీద, చక్రాలు లేకుండా పొట్ట మీదే దింపాడు. నేల తగలగానే మళ్లీ మంటలు లేచాయి. నన్ను ఎలా తీశారో తెలుసా? నీ అద్దం ఉండాల్సిన చోటు నుంచే. క్లెడ్‌విన్, ఇంకో ఇద్దరూ నా సూటు కోసేసి, తుపాకుల మధ్యలోంచి దూడను లాగినట్టు లాగారు. అద్దం ఉండి ఉంటే లోపలే కాలిపోయేవాణ్ణి.

హాల్ కాలి నుంచి నెత్తురంతా పోయిందని చెప్పారు. మిగతావాళ్లతోపాటు దూకి ఉంటే జర్మన్లు కట్టు కట్టేవాళ్లు, ఖైదీగానైనా బతికేవాడు. నా అరుపు విని ఆగిపోయాడు. నేనే చంపానక్కా.

వాళ్లమ్మ నాకు ఉత్తరం రాసింది. "మా అబ్బాయి ధైర్యం గురించి రెండు ముక్కలు రాయి బాబూ" అని. దిండు కింద పెట్టుకున్నాను. నిద్ర లేదు, అన్నం సహించదు. ఏం రాయను?

విల్ఫ్

—

హియర్‌ఫోర్డ్, స్టేషన్‌లో కూర్చుని,
7 మే 1944

విల్ఫ్,

ఎవరికీ చెప్పొద్దన్నావు. చెప్పేశాను. తిట్టుకో.

ఆదివారం సెలవు పెట్టి, మూడు రైళ్లు మారి వచ్చాను. నీ నిద్రలేని రాత్రులు నాకు తెలుసురా, నేనూ పడ్డాను. నా సంగతి నిజం చెప్పి నువ్వు నన్ను పడుకోబెట్టావు. ఈసారి నా వంతు.

కొట్టు మీదే ఇల్లు. హాల్ వాళ్లమ్మే తలుపు తీసింది. పొట్టి మనిషి, చేతులు మాత్రం మగవాడివి. మెడ దగ్గర గుండె పిన్ను. ఆవిడ నా కోటు వంక చూసింది, నేను ఆవిడ వంక చూశాను.

"నీకెక్కడిదమ్మాయ్ ఇది?"

"మీకెక్కడిదో నాకూ అక్కడిదే. నేను విల్ఫ్ అక్కనండీ. తోకలో ఉండే విల్ఫ్."

లోపలికి లాక్కెళ్లి కూర్చోబెట్టింది. టీ ఇచ్చేలోపే చెప్పేశాను, లేకపోతే ధైర్యం చాలేది కాదు. "మావాడు మీవాణ్ణి వెళ్లమనలేదు. వదిలేసి పోకని అరిచాడు. అందుకే మీవాడు ఉండిపోయాడు. మావాడికి అన్నం సహించడం లేదు. మీరు ఏమన్నా నన్ను అనండి" అన్నాను.

ఆవిడ కప్పు కింద పెట్టింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"చివరి రెండు రోజులూ నేను హాల్ మంచం పక్కనే ఉన్నానమ్మాయ్" అంది. "మొదటి కాల్పులకే మోకాలు నుజ్జయిందట. సీట్లోంచి లేవలేకపోయాడు. దూకడం కాదు, జరగడమే చేతకాలేదు. నేను వెనకే వస్తానని అబద్ధం చెప్పి పిల్లల్ని పంపించేశాడు. చెప్తే వాళ్లు ఆగిపోతారని. ఇక ఒక్కణ్ణే చచ్చిపోతాననుకుని చేతులు వదిలేశాడట. అప్పుడు మీవాడు అరిచాడు."

నేను ఏడుస్తున్నాను, ఆవిడ మాత్రం కాదు.

"'అమ్మా, ఆ పొట్టోడు అరవకపోతే నేనక్కడే పడిపోయేవాణ్ణి. వాడుండబట్టే నిన్ను చూశాను' అన్నాడు నాతో. నాలుగేళ్లుగా మాటల్లేవమ్మాయ్ మాకు. రెండు రోజులు దొరికాయి. అవి మీ తమ్ముడు ఇచ్చినవే. నాకు కోపం దేనికి?"

విన్నావా? ఇంకోసారి చదువు. మీరిద్దరూ ఇరుక్కుపోయారు, ఇద్దరూ ఒకరినొకరు ఇంటికి తెచ్చుకున్నారు.

వచ్చేముందు ఆవిడ పిన్ను తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశాను. లోపల సన్నగా, పొగలాంటి తెల్లటి చార. నాదాంట్లోనూ ఉంది, ఇన్నాళ్లూ చూసుకోలేదు. ఆ రోజు చూడకుండా ముద్ర కొట్టినదే. అది కూడా చెప్పాను. "అయితే ఏమైందిలే, బావుంది" అని మళ్లీ పెట్టేసుకుంది.

ఒక్కటే అడిగింది. "అంతసేపు ఏం మాట్లాడుకున్నారో కనుక్కుంటావా? ఇంట్లో వాడు నోరు విప్పేవాడు కాదు." నాకు తెలియదన్నాను. నువ్వు రాయలేదు.

రైలొస్తోంది.

ఎడ్నా

—

సఫోక్,
12 మే 1944

అక్కా,

నీ ఉత్తరం చదివి నిన్న రాత్రి గిన్నె ఖాళీ చేశాను. నర్సు వచ్చి నుదురు పట్టుకుని చూసింది.

ఏం మాట్లాడుకున్నామో నేనెందుకు రాయలేదంటే, నవ్వుతావని. సాసేజ్‌లు చేయడం నేర్పాడు. రెండున్నర గంటలూ అదే. పంది భుజం మాంసం ఎంత, కొవ్వు ఎంత, పేగు ఎలా కడగాలి, సేజ్ ఆకు ఎప్పుడు నలపాలి. "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవాడు. తప్పు చెప్తే, "కాదురా మొద్దూ, మొదటినుంచీ" అనేవాడు. క్లెడ్‌విన్ వెనకనుంచి, "ఉప్పు మర్చిపోయాడు!" అని కేకేసేవాడు. వాళ్ల నాన్న కత్తి ఎలా నూరేవాడో చెప్పాడు. శనివారాలు వాళ్లమ్మ బల్ల మీద కూర్చోబెట్టి తునకలు తినిపించేదని చెప్పాడు. గొంతు సన్నబడుతున్న కొద్దీ నిద్రొస్తోందేమో అనుకున్నాను. యుద్ధమయ్యాక కొట్టుకి కొత్త బోర్డు పెట్టాలి, ఆకుపచ్చ రంగు, అన్నాడు.

కొట్టంటే అసహ్యమనుకున్నాను నేను. ఆవిడా అలాగే అనుకుని ఉంటుంది కదూ?

ఇక్కడ ఒక సాయంత్రం మొదటినుంచీ చివరిదాకా పైకి చెప్పుకుని చూశాను. ఒక్క ముక్క మరిచిపోలేదు.

ఇంకొకటి ఉంది. తీరంలో రన్‌వే దీపాలు కనిపించాక అన్నాడు. "మా అమ్మ మిరియాలు ఎప్పుడూ తక్కువ వేస్తుంది. చెప్పకు, చంపేస్తుంది" అని. అతను నవ్వడం నేను విన్నది అదే ఆఖరుసారి.

ఆవిడకు ఉత్తరం రాయను. శనివారం నన్ను పంపించేస్తున్నారు, నేరుగా హియర్‌ఫోర్డ్ వెళ్తాను. ఆవిడ బల్ల ముందు నిలబడి అంతా వరసగా చెప్తాను. మిరియాల సంగతి కూడా.

విల్ఫ్